పదిన్నర గంటల కాయ

పదిన్నర గంటలు. చిత్తూరు బస్టాండులో తిరుపతి ఎక్స్‌ప్రెస్ ఎక్కి, కండక్టరుకు ఆధార్ కార్డు చూపించి సున్నా టికెట్టు తీసుకుని, కిటికీ పక్కన కూర్చున్నప్పటి నుంచీ మునిలక్ష్మి తలలో ఆ పదిన్నర గంటలే తిరుగుతున్నాయి. మద్రాసులో విమానం లేచిందంటే పదిన్నర గంటలకు లండన్‌లో దిగుతుంది. మధ్యలో ఎనిమిదివేల రెండువందల కిలోమీటర్లు. ఆమె విమానం ఎక్కింది లేదు, ఎక్కబోయేదీ లేదు. రేణిగుంట రోడ్డులో పనికి పోయేటప్పుడు తల మీదుగా దిగేవాటిని చూడడమే. అయినా ఏ ఊరు ఎంత దూరమో ఆమెకు తెలిసినంతగా టికెట్లు అమ్మే ఆఫీసుల వాళ్లకు కూడా తెలియదేమో, ఎందుకంటే వాళ్లు దూరాన్ని కాగితం మీద చూస్తారు, ఆమె మామిడికాయలో చూస్తుంది. దుబాయి కాయ అంటే నాలుగు గంటల కాయ, తొడిమ దగ్గర పసుపు తొంగి చూస్తూ ఉండాలి. లండన్ కాయ ఇంకా ఆకుపచ్చగానే ఉండాలి, భుజాలు మాత్రం నిండాలి, ముక్కు దగ్గర పెట్టుకుంటే తీపి రావడానికి ఒక రోజు దూరంలో ఉండాలి. ముందు రాత్రి మద్రాసు దాకా లారీ, తర్వాత విమానం, దిగాక అక్కడి తనిఖీ, అన్నీ కలుపుకుని పెట్టె తెరిచే వేళకు సరిగ్గా పక్వానికి రావాలి. ముందుగా వచ్చిందా, మెత్తబడింది. వెనక పడిందా, పులుపు. ఇరవై మూడేళ్లుగా ఆమె పని అదొక్కటే, బేనీషా కాయను చేతిలోకి తీసుకుని నువ్వు ఏ ఊరు పోతావే అని అడగడం.

ఈసారి కాయ పదిన్నర గంటల్లో పోలేదు. మంగళవారం సాయంత్రం పెట్టెలు కట్టి పంపితే, బుధవారం తెల్లవారి ఎగరాల్సిన విమానం రద్దయింది. పెట్టెల్ని ఇంకో విమానంలో ఎక్కించి గల్ఫులో ఏదో ఊళ్లో దింపినారు, ఊరి పేరు ఆమె పనిచేసే ఎగుమతి షెడ్డు యజమాని ధనశేఖర్ ఫోనులో రెండుసార్లు చెప్పినా ఆమె చెవికి అందలేదు, అక్కడ పొద్దంతా పడిగాపులు పడి, మళ్లీ ఎక్కి, మొత్తం ముప్పై నాలుగు గంటలు. ముప్పై నాలుగు. మామూలుగానైతే ఆ లెక్క తెలియగానే ఆమె చెప్పేసేది, ఈ పెట్టె పనికిరాదు, ఈ పెట్టెకు ఢోకా లేదు అని. నిన్న సాయంత్రం ఫోనులో ధనశేఖర్ ఆ మాటే అడిగినాడు, ఏమక్కా, తట్టుకుంటాయా అని. చూద్దాంలేప్పా అంది. ఇరవై మూడేళ్లలో ఆమె నోట చూద్దాం అనే మాట రావడం అదే మొదటిసారి, అది అతనికి పట్టిందో లేదో. ఆ పెట్టెలు ఇవాళ, శుక్రవారం, లండన్‌లో పొద్దున ఏడు గంటలకు తెరుస్తారు. అక్కడ ఏడంటే ఇక్కడ పదకొండున్నర. ఇప్పుడు పదీ పది. కాయ రాలేదు గనుక ఇవాళ పని లేదు, అయినా మధ్యాహ్నానికి రమ్మన్నాడు, అందరూ కూర్చుని ఫోటోలు చూద్దామని. రాత్రి కన్ను మూతపడలేదు. బస్సు కదిలితే నిద్ర వస్తుందనుకుంది, అదీ రావడం లేదు.

కాణిపాకం క్రాసు దగ్గర ఒక పెద్దామె ఎక్కి పక్కన కూలబడింది, నుదుట విభూతి, చేతిలో వినాయకుడి లడ్డూ పొట్లం. కూర్చోగానే పొట్లం విప్పి సగం విరిచి మునిలక్ష్మి చేతిలో పెట్టింది. "తిను తల్లీ, నెయ్యి వాసన ఎట్టా కొడతా ఉండాదో సూడు, ఏలకులు బాగా ఏసినారు ఈసారి." మునిలక్ష్మి కళ్లకద్దుకుని నోట్లో వేసుకుంది. తీపి. వట్టి తీపి, ఇసుకలో చక్కెర కలుపుకున్నట్టు. బాగుండాదమ్మా, మంచి వాసన, అంది. ఈ అబద్ధం ఎన్నిసార్లు చెప్పిందో, ఇప్పుడు చెబుతున్నట్టు కూడా తెలియదు. రెండో కరోనా వచ్చిన ఏడు ఆమె భర్త బాలసుబ్రమణ్యం చిత్తూరు ఆస్పత్రిలో పోయినాడు. పదిరోజులు ఆమెకూ జ్వరం. లేచి కూర్చునేసరికి ఆయన లేడు, ముక్కులో వాసనా లేదు. పెద్దకర్మ నాడు ఆయన పటం ముందర సాంబ్రాణి వేస్తే ఇంట్లో వాళ్లందరూ దగ్గినారు, ఆమె ఒక్కతే ఆ పొగలో ఊరికే కూర్చుంది. అందరూ దుఃఖం అనుకున్నారు. దుఃఖమే. కాని దుఃఖంతో పాటు, ఇదేంది, నాకేం తెలియడం లేదే, అని ఒక భయం కూడా మొదలైంది. మొగుడు పోయిన మనిషి ముక్కు గురించి ఎవరితో చెప్పుకుంటుంది? వస్తుందిలే అనుకుంది. నెల చూసింది, ఆరు నెలలు చూసింది. మాడిన పాలు చూసి తెలుసుకోవడం, పులిసిన పిండి బుడగలు చూసి తెలుసుకోవడం అలవాటైంది. ఆయన చొక్కా ఒకటి ఉతక్కుండా దాచుకుంది, బీరువా తీసినప్పుడల్లా మొహానికి పెట్టుకుంటుంది, ఏమీ ఉండదు, బట్ట, అంతే. ఏనాటికైనా వాసన తిరిగి వస్తే అప్పటికి ఆ చొక్కాలో మిగిలి ఉంటుందో లేదో.

మళ్లీ కాపు వచ్చింది. దామలచెరువు మండీ నుంచి కాయ దిగింది, వేడినీళ్ల తొట్టిలో మునిగి, చల్లగదిలో ఆరి, ఆమె బల్ల మీదికి వచ్చింది. అక్కడ ఉంది చిక్కు. చల్లగదిలోంచి వచ్చిన కాయ ఏదైనా చేతికి గట్టిగానే తగులుతుంది. పైన గట్టి, లోపల పండడం మొదలుపెట్టి ఉంటుంది. కన్ను మోసపోతుంది, చెయ్యి మోసపోతుంది, మోసపోనిది ముక్కు ఒక్కటే. అందుకే కదా ధనశేఖర్ వాళ్ల నాయన, ఆ పెద్దాయన, ఆమెను మండీలో తొడిమలు కోసే చోట నుంచి తెచ్చి ఆ బల్ల దగ్గర నిలబెట్టింది. ఆమె పాస్ చేసిందంటే పెట్టె మూసేయడమే. పాస్ చేసినావిడ తన నంబరు చీటీ పెట్టెలో వేయాలి, కాయ చెడితే ఎవరు చూసినారో తెలియాలి గదా. ఆమెది మూడో నంబరు. చెప్పేద్దామని ఆ ఏడు రెండుసార్లు ఆఫీసు గది గడప దాకా పోయింది. రెండుసార్లూ నీళ్లు తాగి వెనక్కి వచ్చింది. తర్వాత స్టెల్లా వచ్చింది.

స్టెల్లాది ఏర్పేడు దగ్గర పల్లె. ముప్పై రెండేళ్లుంటాయి, ఇద్దరు పిల్లలు, మొగుడు పాల్‌ది కాలేజీ క్యాంపస్‌లో తోటపని. బల్ల దగ్గర రెండో మనిషి కావాలంటే మునిలక్ష్మే ఆమెను ఎంచుకుంది, పని నేర్పిస్తానంది. నేర్పింది కూడా, ఎట్లా నేర్పిందంటే, కాయ తీసి స్టెల్లా ముక్కు కింద పెట్టి, ఎట్లుండాదో చెప్పు సూద్దాం అనేది, పరీక్ష పెట్టే పంతులమ్మ లాగా. స్టెల్లా కళ్లు మూసుకుని చెప్పేది. పచ్చివాసనక్కా, చింతచిగురు మాదిరి. ఇది కొబ్బరినీళ్ల దాకా వచ్చింది, తేనె దాకా ఇంకా రాలా. ఇదిగో ఇది బాగా తియ్యగా కొడతా ఉండాదక్కా, రేపటికల్లా కారిపోతుంది. మునిలక్ష్మి ఊఁ అని, సరిగ్గా చెప్పినావు అని, తన మూడో నంబరు చీటీ వేసేది. ఇట్లా నాలుగు కాపులు నడిచింది. నాలుగేళ్లు ఇంకొకరి ముక్కుతో బతికింది. పంతులమ్మకు అక్షరం రాదు, పిల్ల చదివి వినిపిస్తుంటే తలూపుతోంది. అప్పుడప్పుడు నవ్వు కూడా వచ్చేది. మొదటి ఏడు తర్వాత స్టెల్లా అడక్కముందే చెప్పడం మొదలుపెట్టింది, ఎంత వివరంగా చెప్పేదంటే ఒక్కోసారి మునిలక్ష్మికి విసుగు పుట్టేది, వాసన చూడమంటే కథ చెబుతావేమే అనేది. స్టెల్లా నవ్వి ఇంకో కాయ తీసేది.

మంగళవారం మూడు గంటలకు స్టెల్లాకు ఫోను వచ్చింది, వాళ్లమ్మ, అక్కమ్మ, బావి గట్టున జారి పడిందని. పోతానక్కా అంది, మొహం తెల్లబోయి ఉంది. పోవే, ముందు పో, నేను చూసుకుంటా అని తానే పంపింది. నలభై పెట్టెల్లో అప్పటికి ఇరవై ఆరు అయినాయి, స్టెల్లా ముక్కు, మునిలక్ష్మి చీటీ. మిగిలింది పద్నాలుగు. లారీ ఐదింటికి. మునిలక్ష్మి ఒక్కతే బల్ల ముందు నిలబడింది. కాయ తీసి ముక్కు దగ్గర పెట్టుకుంది, గాలి పీల్చింది, వట్టి గాలి. తొడిమ నొక్కింది, భుజం నిమిరింది, అన్నీ చల్లగా, గట్టిగా, ఒకే కాయ వెయ్యిసార్లు చేతికి వచ్చినట్టు. ఇరవై మూడేళ్లు చేసిన పనే, మొదటిరోజు కూలికి వచ్చినదాని లాగా ఒక్కో కాయనూ రెండుసార్లు తిప్పి చూసింది. భయంతో, రాయిలా గట్టిగా తగిలిన వాటినే ఏరి పెట్టెల్లో సర్దేసింది. అవి నిజంగా పచ్చివో, చల్లదనానికి గట్టిగా ఉన్న పండ్లో ఆమెకు తెలియదు, ఇప్పటికీ తెలియదు. అదైనా తప్పు అనుకోవచ్చు, తప్పులు అందరూ చేస్తారు. దాని తర్వాత చేసిందే నోటితో చెప్పుకోలేనిది. మొదటి పెట్టె మూయబోతూ చీటీల డబ్బాలో చెయ్యి పెట్టింది. తను సెలవు పెట్టిన రోజుల్లో స్టెల్లా వేసే చీటీలు కూడా అందులోనే ఉంటాయి, పదకొండో నంబరువి. చెయ్యి వాటి మీద పడింది. పడింది అనుకోవడం కూడా అబద్ధమే, పెట్టింది. పద్నాలుగు పెట్టెల్లోనూ పదకొండో నంబరు చీటీలు వేసింది. బాగుంటే ఎవరూ అడగరులే అనుకుంది. చెడితే, అన్న మాట తర్వాత ఏముందో ఆలోచించకుండా పెట్టె మీద టేపు లాగేసింది. అమ్మ కాలు విరిగిందో ఏమో అని బస్సులో ఏడుస్తూ పోతున్న మనిషి మీద.

పూతలపట్టు దాటినారు. గుజ్జు ఫ్యాక్టరీ ముందు తోతాపురి మామిడి ట్రాక్టర్లు రోడ్డు పొడుగునా నిలబడి ఉన్నాయి, డ్రైవర్లు టార్పాలిన్ కింద పడుకుని ఉన్నారు. బస్సులో జనం ఒక్కసారిగా కదిలినారు. "అబ్బా, ఏం వాసనబ్బా, కడుపు నిండిపోతా ఉండాది," అన్నారు ఎవరో వెనక. పెద్దామె కిటికీ వైపు వంగి గట్టిగా పీల్చుకుంది. మునిలక్ష్మి కూడా పీల్చింది, అలవాటు పోదు. డీజిల్ పొగ గొంతులో గరగర మంది, అంతకు మించి ఏమీ లేదు. తన చిన్నప్పుడు ఈ దారిలో కాపు రోజుల్లో కళ్లు మూసుకుని ఎక్కడున్నామో చెప్పేది, ఇది మామిడి, ఇది చెరుకు కాగుతున్న బెల్లం, ఇది వానపడ్డ మట్టి, నాయన సైకిల్ తొక్కుతూ అవునే అవునే అని నవ్వేవాడు. ఎక్కడ పోయినాయో అవన్నీ. తప్పిపోయిన పెట్టెల్లాగా ఏ ఊళ్లోనో దిగి పడి ఉన్నాయేమో, విమానం దొరక్క. పది నలభై. ఇంకా యాభై నిమిషాలు.

చెడిందనుకో. ధనశేఖర్ చీటీ నంబరు అడుగుతాడు. పదకొండు అంటారు. ధనశేఖర్ చెడ్డవాడు కాదు, వాళ్ల నాయనకున్నంత ఓపిక లేదు, అంతే. ఆ పిల్ల కుదరదక్కా, వేరే మనిషిని చూద్దాం అంటాడు. స్టెల్లా ఏం చెబుతుంది? నేను మూడింటికే పోయినాను, ఆ చీటీ నేను వేయలేదు అంటుంది. అంటుందా? అనదేమో. అక్క మీద చెప్పాల్సి వస్తే నోరు మూసుకుంటుందేమో, అదే ఇంకా భయంగా ఉంది. నిన్న పగలంతా చెప్పేద్దామని ఫోను చేతిలోకి తీసుకోవడం, పెట్టడం. స్టెల్లాకు చేస్తే అమ్మ బాగుండాదక్కా, చెయ్యి బెణికింది అంతే అంది, గొంతులో ఎంత సంతోషమో, ఆ సంతోషం విన్నాక ఇంక చెప్పలేకపోయింది. సిగ్గు. యాభై ఒక్క ఏళ్లొచ్చి, తల నెరిసి, ఒకరికి మంచి చెప్పే వయసులో ఇదేం పని అని తనను తానే తిట్టుకుంది. ఒళ్లంతా అలసట, ఎముకల్లో పేరుకున్న అలసట. రోజూ రెండు గంటలు పోను, రెండు గంటలు రాను, బల్ల దగ్గర పది గంటలు నిలబడడం, అవి కావు. తెలిసినట్టు నటించడమే మనిషిని నమిలేసింది. చెడితే చెప్పేస్తా, ఆ పెట్టెలు నావేనప్పా అని చెప్పేస్తా. వినాయకుడి ప్రసాదం నోట్లో ఉండగా అనుకుంటున్నా. పెద్దామె నిద్రలో ఆమె భుజం మీదికి ఒరిగింది, ఆమె కదల్లేదు.

చంద్రగిరి కోట గుట్ట కనిపించింది. పదకొండుంబావు. ఈ వేళకు అక్కడ తాళం తీస్తుంటారు. చలి ఊరంట, అక్కడివాళ్లు మన కాయను రెండు చేతుల్తో పట్టుకుని ముక్కు దగ్గర పెట్టుకుంటారంట, ధనశేఖర్ ఒకసారి వీడియో చూపించినాడు. ఎనిమిదివేల కిలోమీటర్ల అవతల ఎవరో ఒక మనిషి ఈ నిమిషంలో పీల్చే గాలి మీద తన బతుకు ఉందని తలుచుకుంటే వింతగా ఉంది. పదకొండూ ఇరవై ఎనిమిది. ముప్పై. ముప్పై నాలుగు. బస్సు తిరుపతి ట్రాఫిక్‌లో దూరింది. ఫోను మోగింది.

"అక్కా, యాడుండావు?" ధనశేఖర్ గొంతు.

"బస్సులోనేప్పా. చెప్పు."

"తెరిచినారక్కా. నీ పెట్టెలు, మూడో నంబరువి, ఇరవై ఆరూ మెత్తబడినాయి. తొడిమ కాడ నల్లగా అయిపోయినాయంట. కాని పదకొండో నంబరు పద్నాలుగు పెట్టెలు ఉండాయి సూడు, అక్కా, ఏం చెప్పేది! తెరవంగానే గదంతా వాసనంట. ఒక్క కాయ కూడా తియ్యలేదంట పక్కకి. ఆ పిల్లది ముక్కు కాదక్కా, ఇంకేదో."

మునిలక్ష్మికి ఒక్కసారిగా అంతా అర్థమైంది. ఆ ఇరవై ఆరు స్టెల్లా చూసినవి. పదిన్నర గంటల కాయలు, పదిన్నర గంటల్లో పోయి ఉంటే బంగారం లాగా తేలేవి, ముప్పై నాలుగు గంటలు తిప్పితే ఏం చేస్తాయి పాపం, మెత్తబడినాయి. ఆ పద్నాలుగూ తాను భయపడి ఏరిన వట్టి పచ్చికాయలు. సమయానికి పోయి ఉంటే పులుపని తిప్పికొట్టేవాళ్లు. పోలేదు గనుక దారిలో పండినాయి.

"ఏమనుకోబాక అక్కా," అంటున్నాడు ధనశేఖర్, గొంతు తగ్గించి. "నువ్వు నాయన కాలం నుంచి ఉండే మనిషివి. నిన్ను పొమ్మనే నోరు నాకు లేదు. రేపట్నుంచి స్టెల్లా పాస్ చేస్తుంది. నువ్వు తొడిమలు కోసే కాడ కూర్చో. కూర్చొని చేసే పని గదా, నీకూ సుఖం."

ఒక్క మాట చాలు. ఆ పద్నాలుగు పెట్టెలు నేను చూసినవప్పా, చీటీ తప్పు పడింది, అంటే చాలు. నిజమే అవుతుంది కూడా. ఇందాక వినాయకుడి ప్రసాదం సాక్షిగా చెప్పాలనుకున్న మాటే. చెడితే చెబుతానంది, మేలైతే ఏం చేయాలో అనుకోలేదు. మాట నాలుక దాకా వచ్చింది. కాని ఏం చూసింది తాను? ఏమీ చూడలేదు. వాటిని పాస్ చేసింది తాను కాదు, ఎడారి ఊళ్లో నిలబడిపోయిన ఆ పొద్దు పాస్ చేసింది. ఆ ఇరవై ఆరింటిని మాత్రం నిజంగా కళ్లు మూసుకుని, ఒక్కొక్క కాయనూ పీల్చి, ఈ దూరానికి ఈ కాయ అని తేల్చిన మనిషి ఒకతె ఉంది. ఈ మెప్పు ఏ దారిన వచ్చినా చేరాల్సిన చోటికే చేరింది.

"సరేప్పా," అంది. "మంచి పిల్ల. బాగా చూస్తుంది."

ఫోను పెట్టేసింది. ఏడుపు వస్తుందనుకుంది, రాలేదు. నాలుగేళ్లుగా ఎత్తిన బుట్ట ఎవరో దించినట్టు మెడ నొప్పి తెలిసింది. బస్టాండు ఇంకా రాలేదు. ఫోను మళ్లీ మోగింది, స్టెల్లా.

"అక్కా, ధనశేఖరన్న ఏందేందో చెప్తా ఉండాడు. నేను ఆ పొద్దు ఒక్క పెట్టెకు కూడా నా చీటీ వెయ్యలేదు గదా. మూడింటికే పోయినాను గదా."

ఇదే, ఈ నిమిషం. మునిలక్ష్మి కళ్లు మూసుకుంది.

"నేనే వేసినానే. చెడుతాయేమోనని, నీ మీదికి పోనీ అని వేసినాను. ఇంకెవరికీ చెప్పబాక, ఎప్పుడన్నా తిట్టాలంటే నన్ను తిట్టు. రేపట్నుంచి ఆ బల్ల నీది. ఒకటి మాత్రం. నేను తొడిమల కాడ ఉంటాను. కాయ ఎట్లుండాదో అప్పుడప్పుడు వచ్చి నాకు చెప్తా ఉండు."

బస్సు హారను, కండక్టరు కేక, పెద్దామె లేచి పొట్లం సర్దుకోవడం.

"చెప్తాలే అక్కా," అంది స్టెల్లా. "ఈ నాలుగేండ్లూ నీకు చెప్తానే ఉన్నా గదా."